నాలుక కింద ఉప్పు

కంచును గేటు దగ్గర ఆపినప్పుడు నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. నా నోట్లో ఉప్పుగల్లు ఉంది. అందుకని నోరు తెరవలేదు.

మాది నూలుకు రంగులద్దే షెడ్డు. తెల్లనూలు చిలపలను, అంటే వదులుగా చుట్టిన నూలు చుట్టలను, కర్రలకు తగిలించి, మరిగే రంగుతొట్లలో ముంచి తీస్తాం. ఆవిరి ముందు కళ్లలోకి పోతుంది, తర్వాత ముక్కులోకి, చివరికి ఛాతీలోకి. కొన్నేళ్లకు దగ్గు పట్టుకుంటుంది. దగ్గేవాళ్లను కంపెనీ ఉంచుకోదు. నీ జబ్బు నీ ఇంట్లో చూసుకో అని పంపేస్తుంది. అందుకని పొద్దున గేటు దాటే ముందు అందరం నాలుక కింద ఒక ఉప్పుగల్లు పెట్టుకుంటాం. ఉప్పు కరుగుతూ గొంతు తడుస్తుంటే దగ్గు కాసేపు ఆగుతుంది. వాచ్‌మన్‌నూ మేస్త్రీనీ దాటేదాకా ఆగితే చాలు. లోపలికెళ్లాక తొట్ల హోరులో ఎవరి దగ్గు ఎవరికీ వినిపించదు. గేటు దగ్గర నోరు తెరిస్తే మాత్రం చల్లగాలి తగిలి దగ్గు తన్నుకొస్తుంది. కాబట్టి అక్కడ ఎవరం మాట్లాడం. తిట్టినా మాట్లాడం. మా అంత అణకువ గల పనివాళ్లు ఎక్కడా లేరని మేనేజరు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు చెబుతుంటాడు.

కంచు అనేది ఆమె గొంతును బట్టి వచ్చిన పేరు. షెడ్డు ఈ చివరి నుంచి అరిస్తే ఆ చివర తొట్టి దగ్గరివాడు ఉలిక్కిపడి కర్ర జారవిడిచేవాడు.

"నువ్వు, నువ్వు, ఆ వెనకామె. పక్కకి రండి," అన్నాడు వాచ్‌మన్.

కంచు ఉప్పు ఉమ్మేసింది. "ఏం? మొహాలు బాలేవా?"

"మీకింక పని లేదు. పైనుంచి మాట."

"ఎందుకు లేదో ఆ పైవాణ్ణి కిందికొచ్చి చెప్పమను."

మేస్త్రీ లోపలి నుంచి నవ్వుతూ వచ్చాడు. "సెలవునాడు ఛాతీ ఆసుపత్రిలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఏం పనమ్మా మీకు? గాలి మారుద్దామని వెళ్లారా?"

కంచు మొహంలో నెత్తురు లేదు. ఆమెతో ఉన్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ సంగతి వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో మగవాళ్లకు కూడా చెప్పలేదు.

ఇద్దరు కాపలావాళ్లు ఆమెను రెక్కలు పట్టి రోడ్డు మీదికి ఈడ్చారు. ఒక కాలి చెప్పు ఊడి గేటు మధ్యలో పడింది. వెనకున్నవాళ్లం ఆ చెప్పు చుట్టూ తిరిగి లోపలికి వెళ్లాం. నేను దాన్ని దాటే వెళ్లాను.

ఇప్పుడు నా ఫోను సంగతి చెప్పాలి.

కాస్టిక్ సోడా నీళ్లలో నానీ నానీ మా వేళ్ల గీతలు అరిగిపోతాయి. ఫోను మీద వేలు పెడితే అది మమ్మల్ని గుర్తుపట్టదు. నాకు విసుగొచ్చి తాళం తీసేశాను. తొట్టి పక్కన కిటికీలో, తడి తగలనిచోట నా ఫోను ఎప్పుడూ ఉండేది. షెడ్డులో కొందరివి బటన్ ఫోన్లు, మిగతావాళ్ల ఫోన్లలో డబ్బులుండేవి కావు. ఎవరికి అవసరమైనా నా ఫోను తీసుకునేవాళ్లు. బిడ్డకు జ్వరమొస్తే, ఊరి నుంచి కబురొస్తే, బస్సు ఎక్కడుందో చూడాలంటే, అన్నిటికీ అదే. నేను అడ్డు చెప్పేవాణ్ణి కాదు. తాళం లేని మనిషినని నాకు గర్వం.

కంపెనీ హాజరు యాప్ తెచ్చినప్పుడు మొదట ఎక్కించుకున్నది నేనే. ఆ సాయంత్రం కంచు వాళ్లక్క కూతురు మా ఇంటికొచ్చింది. కాలేజీలో చదువుతోంది. మేమంతా చదువులపిల్ల అంటాం.

"మావయ్యా, ఇది హాజరు కోసమే అయితే నీ గొంతెందుకు అడుగుతోంది? నువ్వెక్కడెక్కడ తిరుగుతావో, ఎవరితో మాట్లాడతావో ఎందుకు అడుగుతోంది?"

"అడగనీవే. నేనేమన్నా దొంగతనం చేశానా, లంజరికం చేశానా? దాచుకోవడానికి నా దగ్గరేముంది?"

"నీ దగ్గర లేకపోవచ్చు. ఈ ఫోనులో మాట్లాడేవాళ్ల దగ్గర?"

"వాళ్లూ మనలాంటోళ్లే. చీకట్లో పనిచేసేవాడికే భయం. నువ్వు చదువెక్కువై అన్నిట్లో బూచిని చూస్తున్నావు, పో."

అక్కడున్న నలుగురం నవ్వాం. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. మర్నాడు షెడ్డులో తిరిగి, టచ్ ఫోనుండీ ఎక్కించుకోనివాళ్లకు నేనే దగ్గరుండి ఎక్కించాను. 'అనుమతించు' అని వచ్చిన చోటల్లా నొక్కాను. దేనికి అనుమతో చదవలేదు. నాకు చదువు రాదని కాదు. ఊరి బళ్లో చదివిన చదువు ఆ నాలుగు మాటలకు చాలు. చదవాల్సిన అవసరం ఉందని నేననుకోలేదు.

ఆ సెలవునాడు కంచు వచ్చి, "అన్నా, ఫోనోసారి ఇస్తావా, పొద్దుగూకే లోపు తెచ్చిస్తా," అంది. ఎక్కడికని నేనడగలేదు. దగ్గేవాళ్లను పోగుచేసి, డాక్టరుతో రాయించుకుని, ఆవిరి బయటికి పోయే పంకాలు పెట్టించమని కోర్టుకెక్కాలని ఆమె ఆలోచన. బస్టాండులో నిలబడి ఆ ఆడవాళ్లందరికీ ఒక్కొక్కరికీ నా ఫోను నుంచే చేసింది. తర్వాత ఫోను ఆమె కొంగున ఆసుపత్రికి వెళ్లింది.

ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజుకు నాకు తెలిసిందల్లా, మాలో ఎవడో చెప్పాడని.

తిండి బెల్లు కొట్టగానే అందరం నీళ్ల పంపు దగ్గర మూగాం.

"ఎవడో మాటలు మోశాడు," అన్నాడు చిలపలు పిండేవాడు.

"ఎవడో ఏంటి? పొద్దస్తమానం మేస్త్రీతో ఇకఇకలు పకపకలు ఎవడికి?" అన్నాను నేను.

అందరి కళ్లూ కొత్తల్లుడి మీద పడ్డాయి. పెళ్లై ఏళ్లు దాటినా నున్నగా తల దువ్వుకుని వస్తాడు కాబట్టి ఆ పేరు. అతను అన్నం ముద్ద నోటి దగ్గరే ఆపాడు.

"నేనేం చెప్పలేదు, పెద్దాయనా."

"మరి వాడితో ఆ నవ్వులేంట్రా? వాడేమన్నా నీ బావమరిదా?"

అతను నీళ్లు నమిలాడు. చెప్పు, చెప్పు అని అందరూ గదమాయించారు. అతను తల దించుకున్నాడు. చెప్పనివాడు దాస్తున్నట్టే, దాచేవాడు దొంగే. నా లెక్క అంత తేలిక. లేచి కొట్టాను. పెదవి చిట్లింది. అన్నంలో నెత్తురు పడింది. అతను గిన్నె మూత పెట్టుకుని లేచి వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా అతని పక్కన ఎవరూ కర్ర పట్టలేదు. తడి చిలపల బరువు ఒక్కడే మోశాడు.

నేను చూస్తూనే ఉన్నాను. నాకు తృప్తిగానే ఉంది.

పొద్దుగూకే వేళకు కంచు గేటు బయట కూర్చుంది, ఒక కాలికే చెప్పుతో. పని దిగినవాళ్లం ఇళ్లకు పోకుండా గేటు లోపలే ముంగిట్లో నిలబడ్డాం. వాళ్లను లోపలికి తీసుకోమన్నాం. లోపల కాబట్టి, ఆవిరి గొంతులో వెచ్చగా ఉంది కాబట్టి, ఆ పూట మాట్లాడగలిగాం.

మేనేజరు మెట్ల మీదికొచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి. మైకు చేతిలో పట్టుకున్నాడు.

"మీలో కొందరు తొట్ల ఆవిరి వల్ల జబ్బులొస్తున్నాయని ప్రచారం చేస్తున్నారు. ఇక్కడ పనిచేసి చనిపోయిన ఒకామె పేరు కూడా చెబుతున్నారు. ఆమే ఏమందో వినండి. నా మాట నమ్మొద్దు. మీ మనిషి మాట నమ్మండి."

మైకు గరగరమంది. తర్వాత నా భార్య మాట్లాడింది.

"అక్కా, ఈ దగ్గు నాకు చిన్నప్పట్నుంచీ ఉన్నదేగా. మిల్లుకీ దీనికీ సంబంధం లేదు. నువ్వు ఊరికే ఏడవకు. నీ పిచ్చిగానీ, నాకేమవుద్ది?"

ఆమె పోయి రెండేళ్లు. ఆ గొంతు నా ఫోనులో ఉంది. వాళ్లక్కకు పంపిన మాట. అక్కకు గుండెజబ్బు. ఈమె పరిస్థితి తెలిస్తే తట్టుకోలేదని, నా పక్కనే మంచం మీద కూర్చుని, ఊపిరి కూడగట్టుకుని, రెండుసార్లు తప్పి మూడోసారి దగ్గు రాకుండా ఆ అబద్ధం చెప్పింది. చెప్పాక ఫోను నా చేతికిచ్చి, మొహం గోడవైపు తిప్పుకుని, దిండులో దగ్గింది. ఆ దగ్గు మైకులో లేదు.

ఒక చెవి కోసం చెప్పిన మాట అది. ఆ చెవిలో అది ప్రేమ. మిల్లు ముంగిట్లో సాక్ష్యమైపోయింది. ఆమె ఏ తప్పూ చేయలేదు. దాచాల్సిన పాపం ఏదీ ఆమెకు లేదు. అయినా ఆ మాట వాళ్ల చేతికి చిక్కకూడదు. ఇంత చిన్న సంగతి నాకు తలకెక్కడానికి చచ్చిన మనిషి మైకులో మాట్లాడాల్సి వచ్చింది.

చిలపలు పిండేవాడు నావైపు తిరిగాడు.

"ఇది నీ ఫోనులోది కదూ?"

నేను తలూపాను.

"కంచు ఆ రోజు తీసుకెళ్లింది కూడా..."

అతను మాట పూర్తి చేయలేదు. అవసరం లేకపోయింది. ఒక్కొక్కరే నా ఫోనుండే ఆ కిటికీ వైపు చూశారు. అక్కడ నిలబడి ఎవరెవరు ఏమేం మాట్లాడారో గుర్తు తెచ్చుకుంటున్నారు. ఒకామె చేత్తో నోరు మూసుకుంది. ఆమె ఎవరికి ఏం చెప్పుకుందో నాకు తెలియదు. కంపెనీకి తెలుసు.

మేనేజరు దిగిపోతూ నా భుజం తట్టాడు. "నువ్వు మంచివాడివి. నీకేం భయం లేదు."

ఆ రోజు దాకా నన్ను గేటు దగ్గర ఎందుకు ఆపలేదో అప్పుడర్థమైంది. నా నిజాయితీ చూసి ఊరుకున్నారనుకున్నాను. పాలిచ్చే గేదెను ఎవడు తోలేస్తాడు?

ఆ రాత్రి సైకిళ్లు బాగుచేసేవాడి దొడ్లో మీటింగు పెట్టుకున్నాం. పాత టైర్ల మీద కొందరు, నేల మీద కొందరు. ఫోన్లన్నీ ఇళ్లలో వదిలేసి రమ్మని చదువులపిల్ల చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు. నేనే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను.

"తన్నండి ముందు వాణ్ణి!" అని ఒకడు.

"తంతే ఏమొస్తుంది? ఎక్కించుకున్నది వాడొక్కడేనా? నీ ఫోనులో లేదూ?" అని ఇంకొకామె.

"వాడు చెబితేనే కదా ఎక్కించుకున్నాం!"

"వాడు బావిలో దూకమంటే దూకుతావేంటి?"

చదువులపిల్ల లేచింది. "మీరు రోజూ ఉప్పెందుకు పెట్టుకుంటారు?" అంది.

తనే జవాబు కూడా చెప్పింది.

"దగ్గు దాచడానికి. దగ్గడం తప్పా? కాదు. మరెందుకు దాస్తున్నారు? అది తెలిస్తే కంపెనీవాడు మీ పొట్ట కొడతాడు కాబట్టి. తప్పు చేసినవాళ్లే దాస్తారనుకుంటాం. బలం లేనివాళ్లు కూడా దాచుకోవాలి. వాడు మాత్రం తొట్లలో ఏం కలుపుతాడో మనకు చెప్పడు. అడిగితే కంపెనీ రహస్యం అంటాడు."

"దాచుకోవడానికేముంది అని ఆ మేనేజరును అడగమనండి వీణ్ణి!" అని ఎవరో అరిచారు.

అప్పుడు నేను ముందుకొచ్చాను. "నా దగ్గర ఇంకో మాట ఉంది," అన్నాను. నా భార్య నాకు పంపింది. పోయే ముందు ఆసుపత్రి నుంచి. ఇది ఆ ఆవిరే, నాకు తెలుసు, నువ్వు మాత్రం ఆ తొట్టి దగ్గర నిలబడకు అని. ఇంకా చాలా చెప్పింది. మొగుడికి పెళ్లాం చెప్పుకునేవి. "రేపు అది మైకులో వేద్దాం. వాళ్ల నోరు మూయిద్దాం."

అందరూ కంచు వైపు చూశారు. ఆ మాట వినిపిస్తే గెలుస్తామని నాకు నమ్మకం. వినిపిస్తే నా తప్పు కొంత తీరుతుందని ఆశ కూడా. ఆమె ఆ ఆశను చూసింది.

"వద్దన్నా," అంది. "వదినను ఇంక మైకులో ఎక్కించొద్దు. వాళ్లు అడక్కుండా ఎక్కించారు. నువ్వూ అడక్కుండానే ఎక్కిస్తావా? ఆమె ఒప్పుకుందా?"

దొడ్లో కూర్చున్నవాళ్లందరి వైపూ చెయ్యి చూపించింది.

"మాట్లాడటానికి బతికున్నవాళ్లం మేం లేమా?"

తలుపు అవతల ఎవరో దగ్గారు. కొత్తల్లుడు లోపలికొచ్చాడు. పెదవి వాచి ఉంది. నావైపు చూడలేదు.

"నేను మేస్త్రీతో నవ్వేవాణ్ణి. నిజమే," అన్నాడు అందరితో. "మా ఆవిడకు దగ్గులో నెత్తురు పడుతోంది. ఆమెను తొట్ల దగ్గర్నుంచి ఆరుబయట చిలపలు ఎండేసే పనికి మార్పిస్తాడేమోనని నవ్వాను. ఆ మాట బయటికి రాకూడదని తనతో ఒట్టేశాను. మధ్యాహ్నం మీరంతా చెప్పు చెప్పు అన్నారు. ఇదిగో, ఇప్పుడు చెప్పాను. ఇంటికెళ్లి ఆమెకు నా మొహమెలా చూపించాలో మీరే చెప్పండి."

అతని మొహం ఎవరూ చూడలేకపోయారు. మేనేజరు నా భార్యను చేసిందే నేను ఇతణ్ణి చేశాను. యాప్ కూడా అవసరం లేకపోయింది, ఒక చెయ్యి చాలింది.

"తమ్ముడూ..." అన్నాను.

"నన్ను పిలవకు," అన్నాడు.

మర్నాడు పొద్దున గేటు ముందు మామూలుగానే వరసలో నిలబడ్డాం. ఫోన్లు ఎవరి దగ్గరా లేవు. వాచ్‌మన్ యాప్ చూపించమన్నాడు. ముందున్నామె రెండు చేతులూ ఎత్తి చూపించింది. మోచేతుల దాకా నీలిరంగు. ఆ వెనకాయనవి ఎర్రవి. వరసంతా చేతులెత్తింది. ఎన్ని కడిగినా పోని రంగులు.

"ఇదే మా హాజరు. రాసుకో," అంది కంచు రోడ్డు మీద నుంచి.

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. "ఏంట్రా ఈ వేషాలు? లోపలికి నడవండి!"

కొత్తల్లుడు ముందు ఉప్పు ఉమ్మాడు. అది మేస్త్రీ బూట్ల దగ్గర పడింది. తర్వాత అతని భార్య ఉమ్మింది. తర్వాత చిలపలు పిండేవాడు. గేటు ముందు నల్లటి నేల మీద ఉప్పు తెల్లగా పడుతూ పోయింది. నేనూ ఉమ్మాను.

చల్లగాలి గొంతుల్లోకి పోయింది. దగ్గు మొదలైంది.

అంత దగ్గు ఎక్కడ దాగి ఉందో మాకే తెలియదు. ఒకరిది పొడిదగ్గు, ఒకరిది తడిదగ్గు, ఒకరిది కుక్క మొరిగినట్టు. నడుం వంచి దగ్గేవాళ్లు, పక్కవాళ్ల భుజం పట్టుకుని దగ్గేవాళ్లు. ఏళ్ల తరబడి పక్కపక్కన కర్ర పట్టినవాళ్లు ఒకరి దగ్గు ఒకరు మొదటిసారి విన్నారు. "నీక్కూడానా?" అని అడిగింది ఒకామె. అడిగి ఏడ్చింది. ఏడుస్తూనే దగ్గింది.

ముంగిట్లో మైకు గరగరమంది. "అక్కా, ఈ దగ్గు నాకు చిన్నప్పట్నుంచీ..." నా భార్య గొంతు అంతవరకే వినిపించింది. తర్వాత మా దగ్గులో కలిసిపోయింది. మేనేజరు మళ్లీ వేయించాడు. మళ్లీ కలిసిపోయింది. నిన్న మైకులో లేని ఆమె దగ్గు ఈ రోజు ఆమె మాటతో కూడా ఉంది.

ఆ పూట తొట్లు మరగలేదు.

పోలీసులు వచ్చారు. కంచును జీపెక్కించారు. నన్నూ ఎక్కించారు. ఇంట్లో వెతికి నా ఫోను తెచ్చారు. మీటింగు అయిన రాత్రే చదువులపిల్లతో యాప్ తీసేయించి, అంకెల తాళం వేయించాను. వేలు పనిచేయని వాడికి అంకెలు పనిచేస్తాయని ముందే ఎందుకు తోచలేదో నన్ను నేనే అడుగుతున్నాను.

"తెరువు," అన్నాడు ఎస్సై.

"తెరవను."

"తప్పేం చేయలేదంటావు. దాచుకోవడానికేముందయ్యా నీ దగ్గర?"

అది నా మాటే. నా నోటి నుంచి ఎన్నిసార్లో వచ్చిన మాట. వేరేవాడి నోట ఎంత కంపు కొడుతుందో అప్పుడు తెలిసింది.

"ఉంది," అన్నాను. "నా భార్య ఉంది. మా షెడ్డువాళ్లంతా ఉన్నారు."

వాళ్లు చేసింది చేశారు. ఆ వివరం అనవసరం. అంకెలు చెప్పలేదు.

మర్నాడు కొత్తల్లుడు స్టేషనుకు వచ్చాడు. కటకటాల్లోంచి ఒక మూట అందించాడు. తువ్వాలు, తొడుక్కోవడానికి ఒక చొక్కా.

"చదువులపిల్ల పంపిస్తే వచ్చాను," అన్నాడు. "నిన్ను క్షమించి కాదు."

"సరే," అన్నాను. క్షమించమని నేనడగలేదు. అడిగే మొహం కూడా కాదు నాది.

వెళ్లబోతూ ఆగాడు. గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"పక్క మిల్లు గేటు ముందు కూడా ఇవాళ ఉప్పు పడింది."

అతను వెళ్లాక నాకు దగ్గొచ్చింది. సెంట్రీ ఏయ్ అన్నాడు. అవతలి గదిలో నుంచి కంచు దగ్గింది, షెడ్డు ఆ చివరికి వినిపించేటట్టు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.